ఇచ్చినవాళ్లు వెళ్లిపోయాక

గుడివాడ జంక్షన్‌లో మచిలీపట్నం పాసింజరు కోసం కూర్చున్న ఆ ఇద్దరి మధ్య, బెంచీ మీద, ఒక నీలం రంగు డబ్బా ఉంది. జానెడున్నర ఎత్తు, మందపాటి మూత, భుజానికి తగిలించుకోడానికి పట్టీ. ఇంట్లో చంటిపిల్లలున్న ఎవరైనా ఇట్టే గుర్తుపట్టే డబ్బా అది. పోలియో చుక్కల ఆదివారం నాడు ఏఎన్ఎం భుజాన వేలాడే వ్యాక్సిన్ క్యారియర్. లోపల నాలుగు పక్కలా నాలుగు ఐస్‌ప్యాకులు, నడుమ మందు సీసాలు. ఈ డబ్బాకి ఆ రోజులు తీరిపోయాయి. మూత అంచు విరిగింది, పక్కన ముద్రించిన యునిసెఫ్ అక్షరాలు ఎండకి వెలిసిపోయాయి. పనికిరాదని పక్కన పెట్టేసిన సామానులోంచి పెద్దాయన పాత ఇనుము ధరకి కొనుక్కున్నారు. ఇప్పుడందులో పెరుగన్నం, రెండు అరటిపళ్లు, ఒక కొబ్బరికాయ ఉన్నాయి.

ఆయన ఆరోగ్యశాఖలో మలేరియా వర్కరుగా చేరి సూపర్‌వైజరుగా రిటైరయ్యారు. ఆవిడ ఆయన అన్నగారి కూతురు. 2000ల్లో ఎనిమిదేళ్లపాటు విదేశీ డబ్బుతో నడిచిన ఒక హెచ్ఐవీ ప్రాజెక్టులో ఔట్‌రీచ్ వర్కరుగా తిరిగింది. ఆ ప్రాజెక్టు ముగిశాక గుడివాడలోనే ఒక ల్యాబులో కుదురుకుంది. పెద్దాయన ఏటా నవంబరు 19న దివిసీమ వెళతారు. 1977లో ఆయన పెద్దమ్మగారి కుటుంబం నాగాయలంక దిగువన ఒక ఊళ్లో నీళ్లలో కలిసిపోయింది. తిథి చూస్తే తద్దినం వేరే రోజున వస్తుంది. కానీ ఉప్పెనలో పోయినవాళ్లకి దివిసీమలో తారీఖే తిథి. 2025లో, మొంథా తుపాను తీరం దాటిపోయి మూడు వారాలు కాగానే వచ్చిన ఆ రోజున ఆయనకి తోడుగా ఆవిడా బయల్దేరింది.

వాదం రైలెక్కకముందే మొదలైంది.

"నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ల క్లినిక్ మూతపడింది బాబాయ్, గుర్తుందా? మిత్ర్ క్లినిక్. 2021 జనవరిలో తెరిచారు, దేశంలోనే మొదటిది. ఈ ఏడు జనవరి 20న ట్రంప్ గద్దెనెక్కిన రోజే విదేశీ సాయం ఆపేస్తూ సంతకం పెట్టాడు, ఇక్కడ తలుపులు మూసుకున్నాయి. జులై 1కల్లా అసలు యూఎస్ఎయిడ్ సంస్థే లేకుండా పోయింది."

"నేననేదీ అదే కదమ్మాయ్. వాషింగ్టన్‌లో ఒక మనిషి సంతకం పెడితే నారాయణగూడలో తాళం పడింది. ఆ తాళంచెవి మన దగ్గర లేదు. నా బాధంతా అది."

"తాళం సంగతి తర్వాత. ముందు ఆ తలుపు తెరిచిందెవరు? సర్కారు ఆసుపత్రిలో ఓపీ చీటీ దగ్గర రెండు వరుసలుంటాయి, ఆడవాళ్లది, మగవాళ్లది. ఏ వరుసలో నిలబడినా వెనకనుంచి ఎవరో ఒకరు నవ్వుతారు. అందుకని జ్వరమొచ్చినా, పుండయినా ఇంట్లోనే ఉండిపోయేవాళ్లు ఉన్నారు. వాళ్లకోసం, వాళ్లలోంచే మనుషుల్ని తీసుకుని నడిపిన చోటు అది. మన బడ్జెట్లో ఎవరికీ తట్టని పని అమెరికా డబ్బు చేసింది. అది తప్పంటారా?"

పెద్దాయన తప్పనలేదు. రైలు రావడంతో డబ్బా ఎత్తుకుని లేచారు.

గుడ్లవల్లేరు దాటేవరకూ ఇద్దరూ కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నారు. మొంథా గాలికి పడిపోయిన వరి కొన్ని మళ్లలో ఇంకా నేలకి కరుచుకునే ఉంది. మిగతా చోట్ల కోతలు సాగుతున్నాయి. కవుతరం దగ్గర ఆయన మళ్లీ అందుకున్నారు.

ఆయన వాదం ఇది. పరాయి డబ్బు చెడ్డదని కాదు, పరాయి డబ్బు మీద రోజువారీ ప్రాణం ఆధారపడటం చెడ్డది. బావి తవ్వడానికి సాయం తీసుకోవచ్చు. పొద్దున్నే బావిలోంచి చేదేవాడి జీతం మాత్రం ఊరే ఇచ్చుకోవాలి. అందుకు ఆయన చూపించిన ఉదాహరణ ఆవిడ పనిచేసిన రంగమే.

"1992లో ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మొదలైనప్పుడు ప్రపంచ బ్యాంకు 8 కోట్ల 40 లక్షల డాలర్లు అప్పిచ్చింది. అప్పు లేకపోతే కార్యక్రమమే లేదు. ఇవాళ? 2021 నుంచి 2026 వరకు ఐదో దశకి 15,471 కోట్ల రూపాయలు, మొత్తం కేంద్ర బడ్జెట్టే. ఈ పూట గుడివాడలో ఏఆర్టీ మాత్ర మింగేవాడికి ట్రంప్ వచ్చినా, పోయినా ఆ మాత్ర ఆగదు. అదే ఆఫ్రికాలో చూడు. జనవరిలో కాగితం రాగానే క్లినిక్‌లో నర్సు లేదు, మాత్ర లేదు. నైజీరియా పార్లమెంటు హడావుడిగా ఆరోగ్యానికి ఇంకో 20 కోట్ల డాలర్లు కలపాల్సొచ్చింది. 2001లో ఆ దేశం రాజధాని అబూజాలోనే ఆఫ్రికా దేశాలన్నీ బడ్జెట్లో 15 శాతం ఆరోగ్యానికి పెడతామని ఒప్పుకున్నాయి. ఆ మాట నిలబెట్టుకున్న దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఎందుకు? ఎవరో ఒకరు ఇస్తున్నారు కదాని."

"ఎవరో ఒకరు ఇస్తున్నారు కాబట్టే వాళ్లు అన్నాళ్లూ బతికారు బాబాయ్" అందావిడ. "బుష్ 2003లో పెట్టిన ఎయిడ్స్ సాయం పథకం పెప్‌ఫార్ రెండున్నర కోట్ల ప్రాణాలు నిలబెట్టిందని అమెరికా ప్రభుత్వం లెక్క. కొంత ఎక్కువ వేసుకున్నారనుకున్నా, సగమైనా నిజమే కదా. ఇంకో సంగతి. ఆ డబ్బుతో ఆఫ్రికాకి వెళ్లిన మాత్రలు ఎక్కడివి? సిప్లా 2001లో ఏడాది మందులు 350 డాలర్లకే ఇస్తానంది. అప్పటిదాకా వాటి ఖరీదు పదివేల డాలర్ల పైమాటే. ఆ తర్వాత మన హైదరాబాదు కంపెనీలు, హెటెరో, అరబిందో, మాట్రిక్స్, టన్నులకి టన్నులు చేసి పంపాయి. అమెరికా సాయం అంటే సగం మన ఊళ్ల జీతాలు కూడా."

ఇక్కడ కాస్త ఆగాలి. సాయం మీద జరిగే చర్చల్లో ఈ కోణం చాలాసార్లు జారిపోతుంది. ఇచ్చే దేశం, పుచ్చుకునే దేశం అని రెండు గీతలు గీసేస్తాం. తెలుగు నేల రెండింటికీ నడుమ నిలబడి ఉంది. కోస్తా జిల్లాల్ని తరాలుగా పీడించిన బోదకాలునే తీసుకుందాం. ఏడాదికోసారి ఊరంతటితో మింగించే డీఈసీ మాత్రల్ని జపాన్ కంపెనీ ఈసాయ్ ప్రపంచ ఆరోగ్య సంస్థకి 2013 నుంచి ఉచితంగా ఇస్తోంది. ఆ మాత్రలు తయారయ్యేది విశాఖపట్నంలోని వాళ్ల ఫ్యాక్టరీలో. దానం చేసే చేయి టోక్యోది, మాత్ర ఒత్తే చేయి మనది.

కానీ పెద్దాయన అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. "అందుకే అది సాయం మాత్రమే కాదంటాను, వ్యాపారమూ రాజకీయమూ కలిసిన మూట. మూట విప్పితే షరతులుంటాయి. మీ ప్రాజెక్టులో నువ్వెవరితో పనిచేశావు?"

"ఎక్కువగా సెక్స్ వర్కర్లతో."

"వేశ్యావృత్తికి వ్యతిరేకమని రాసివ్వకపోతే అమెరికా ఎయిడ్స్ డబ్బు ఇచ్చేది కాదు. అవునా, కాదా? 2005లో బ్రెజిల్ ఏం చేసింది? ఎవరితో కలిసి రోగం ఆపాలో వాళ్లనే తిడుతూ సంతకం పెట్టలేమని 4 కోట్ల డాలర్లు వద్దంది. వద్దన్నా వాళ్ల కార్యక్రమం ఆగలేదు. సొంతంగా మాత్రలు చేసుకునే ఫ్యాక్టరీలున్నాయి, సొంత బడ్జెట్టుంది. వద్దు అనగలిగినవాడే తీసుకోడానికి అర్హుడు."

ఆవిడ ఈ మాటకి వెంటనే బదులు చెప్పలేదు. పెడన స్టేషన్ వచ్చి వెళ్లింది. తర్వాత చెప్పింది మాత్రం లెక్కలు కాదు. బస్టాండు వెనక టీ కొట్టు దగ్గర తనకోసం కాచుకుని ఉండే ఒకామె గురించి చెప్పింది. పగలు మిరపకాయల కోతకి వెళ్లేది, రాత్రిళ్లు వేరే పని. పరీక్షకి రమ్మని నాలుగు నెలలు బతిమాలితే ఒక రోజు, "నువ్వు నా చేతి టీ తాగితే వస్తా" అందట. అంతకు ముందు పరీక్ష చేయించుకోమన్నవాళ్లెవరూ ఆమె ఇంట్లో మంచినీళ్లయినా ముట్టలేదు. ఆ నాలుగు నెలల తిరుగుళ్లకి బస్సు చార్జీలు ఎవరిస్తారు? సర్కారు పద్దుల్లో అలాంటి కాలమ్ లేదు. 2003లో గేట్స్ ఫౌండేషన్ ఆరు రాష్ట్రాల్లో అవాహన్ మొదలుపెట్టినప్పుడు ఇలాంటి తిరుగుళ్లనే పనిగా గుర్తించి జీతమిచ్చింది. తమలోంచే ఒకరు వెళ్లి మరొకరిని తీసుకురావడం అనే పద్ధతిని కొన్ని వేల మందితో చేసి చూపించింది.

"దాంట్లో మీకు నచ్చే సంగతి కూడా ఉంది బాబాయ్. అవాహన్ ఏనాటికైనా వెళ్లిపోతానని చెప్పే వచ్చింది. 2009 నుంచి విడతలు విడతలుగా పనినంతా ప్రభుత్వానికి అప్పగించింది. యూఎస్ఎయిడ్ ఒక్క రాత్రిలో వెళ్లింది. రెండూ విదేశీ డబ్బే. వెళ్లిన తీరు ఒకటేనా?"

"కాదు" అన్నారాయన. ఆ పొద్దున ఆయన మొదటిసారి తగ్గింది అక్కడే.

బందరులో దిగాక బస్సుకి టైముంది. టిఫిను తిని కోనేరు సెంటరు వైపు నడిచారు. ఈ ఊళ్లో సాయం గురించి మాట్లాడుతూ నడిస్తే పాత సంగతులు కాళ్లకి అడ్డం పడతాయి. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనకి ఇక్కడ 30 వేల మంది పోయారు. రాబర్ట్ నోబుల్ ఇంగ్లండు చర్చి డబ్బుతో 1843లో బడి పెట్టింది ఇక్కడే. ఆ బాటకి ఎదురుగా, సర్కారు గ్రాంటు తాకకుండా, కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ఆంధ్ర జాతీయ కళాశాలని నిలబెట్టిందీ ఇక్కడే. పట్టాభి మద్రాసులో వైద్యం చదివి వచ్చి బందరులో ప్రాక్టీసు చేసిన డాక్టరు. 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టిందీ ఆయనే. రోగం పట్టినా, అప్పు పుట్టకపోయినా మనిషి పరాధీనుడవుతాడని ఎరిగిన మనిషి.

"మాకు దారి వాళ్లు" అన్నారు పెద్దాయన. "స్వదేశీ అంటే తిట్టు కాదమ్మాయ్, పొదుపు. ఉన్నదాంట్లోనే సొంతంగా చేసుకోవాలనే పట్టుదల."

"స్వదేశీ పట్టుదల సరే. మరి ఆ రోజుల్లో ఆడవాళ్ల కాన్పులెవరు చేశారు? కృష్ణ అవతల గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి ఉంది కదా. అన్నా కుగ్లర్ అమెరికా లూథరన్ చర్చి పంపగా 1883లో వచ్చింది. మగ డాక్టరు చేత నాడి చూపించుకోవడమే నామోషీ అనుకునే కాలం. ఆడ డాక్టరన్న మాటే మనవాళ్లు వినని కాలం. చర్చి పంపింది మతం కోసం కావచ్చు. నొప్పులు పడుతున్న మనిషికి కావలసింది డాక్టరు."

"మందు చేతిలో పెట్టి మతం చెవిలో వేశారని మా నాన్న అనేవాడు."

"తాతయ్య అన్నమాట నిజమే. ఆ మందుతో నాయనమ్మ బతికిన మాటా నిజమే."

పెద్దాయన అక్కడ నవ్వేశారు గానీ, ఆయన అమ్ములపొదిలో ఇంకా బాణాలున్నాయి. 1965, 66ల్లో దేశంలో తిండిగింజలు లేక అమెరికా గోధుమల కోసం ఎదురుచూసిన రోజులు. పీఎల్-480 గోధుమల ఓడల్ని అమెరికా అధ్యక్షుడు జాన్సన్ నెలనెలా కొద్దికొద్దిగా వదులుతూ, కుటుంబ నియంత్రణ సంగతి తేల్చమని ఒత్తిడి పెట్టాడు. ఆ ఒత్తిడి దిగువకి దిగుతూ దిగుతూ టార్గెట్లుగా మారింది. ఊరికి ఇన్ని లూపులు, ఇన్ని ఆపరేషన్లు. లూపు వేయించుకుని నడుంనొప్పితో, రక్తస్రావంతో బాధపడిన ఆడవాళ్ల మాట వినే నాథుడు లేడు. ఆ టార్గెట్ల వాసన తాను ఉద్యోగంలో చేరాక కూడా పోలేదన్నారాయన.

తర్వాత భద్రాచలం మాట ఎత్తారు. ఆ కథ ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ గొంతు తగ్గించే మాట్లాడారు. 2009 జులైలో ఖమ్మం జిల్లాలో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. గేట్స్ ఫౌండేషన్ డబ్బు, అమెరికా సంస్థ పాత్ నిర్వహణ, మన ఐసీఎంఆర్, మన రాష్ట్ర ప్రభుత్వం భాగస్వాములు. దాదాపు 14 వేల మంది పిల్లలు, వాళ్లలో చాలామంది గిరిజన హాస్టళ్లలో చదువుకునేవాళ్లు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్లో ఆపేశారు. చావులకి టీకా కారణం కాదని విచారణలు తేల్చాయి. కానీ 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం వేలెత్తి చూపింది వేరే సంగతిని: తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు హాస్టల్ వార్డెన్లు పెట్టారు.

"టీకా మంచిదే బాబాయ్. ఆ క్యాన్సరుతో పోయే ఆడవాళ్లని నేను చూశాను."

"నేను కాదన్నానా? ముప్ఫయ్యారేళ్లు టీకాల డబ్బా మోసినవాణ్ని. నా గొడవ సంతకం గురించి. ఆ పిల్ల ఏ అమెరికావాడి కూతురో అయితే వార్డెను సంతకం సరిపోయేదా? పైగా ఆ సంతకం పెట్టనిచ్చింది మన ప్రభుత్వమే. పరాయివాడి డబ్బు వచ్చిందంటే మనవాడు మన పిల్లల తరఫున అడగాల్సిన ప్రశ్న మానేస్తాడు. సాయంలో విషం అక్కడుంటుంది."

ఈ మాట నిజం. విదేశీ సాయం చేసిన చెరుపుల్లో సగానికి సగం మన ఆఫీసుల బల్లల మీదే జరిగాయి. దాత ముందు చేతులు కట్టుకున్నవాడే ఊళ్లోకి వచ్చి పెత్తనం చేశాడు.

బస్సు చల్లపల్లి వైపు సాగింది. కిటికీ పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ కళ్లద్దాల్లేకుండా టిక్కెట్టు మీది చార్జీ చదివి కండక్టరుని చిల్లర అడిగింది. అది చూసి ఆవిడ బాబాయ్ మోచేయి తట్టింది. "నాయనమ్మ సోడాబుడ్డి అద్దాలు గుర్తున్నాయా?"

ఉన్నాయి. క్యాంపులో శుక్లం తీసేసి, కంట్లో ఏమీ పెట్టకుండా, పైన మందపాటి అద్దాలిచ్చి పంపేవారు. ఆ అద్దాల్లోంచి గుమ్మం ఉన్న చోట కాక పక్కన కనపడేది, ముసలాళ్లు తలుపు చెక్కలకి కొట్టుకునేవారు. అద్దాలు పగిలితే మళ్లీ గుడ్డితనమే. కంట్లో పెట్టే కటకం విదేశాలనుంచి రావాలి, ఖరీదు వంద డాలర్ల పైన. 1992లో మధురై అరవింద్ ఆసుపత్రివాళ్లు, అమెరికాలోని సేవా ఫౌండేషన్ తోడ్పాటుతో, ఆ కటకాన్ని తామే తయారుచేసే ఆరోల్యాబ్ పెట్టారు. ధర పది డాలర్లకి దిగింది, తర్వాత ఇంకా దిగింది. 1994 నుంచి ప్రపంచ బ్యాంకు అప్పుతో ఏడు రాష్ట్రాల్లో జరిగిన శుక్లాల కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఇవాళ కోస్తాలో ఏ పల్లె ముసలమ్మకైనా కంట్లో కటకం పడుతోందంటే దాని వెనక ఈ కథ ఉంది.

"ఇది నాకు నచ్చే సాయం" అన్నారాయన. "చేప ఇవ్వలేదు, వల అల్లడం నేర్పి వెళ్లారు."

"అన్ని రోగాలకీ వల ఉండదు బాబాయ్. మనిషి పక్కన మనిషి కూర్చోవాల్సిన రోగాలుంటాయి. దానికి ఫ్యాక్టరీ లేదు, జీతమే ఉంది."

మోపిదేవి దాటి, పులిగడ్డ అక్విడెక్టు మీద నీళ్లు కనపడగానే పెద్దాయన మాట ఆగిపోయింది. అక్కడినుంచి అది వాదంలా సాగలేదు.

1977 నవంబరు 19, శనివారం. ఆయనకి ఇరవై ఏళ్లు. మర్నాడు గుడివాడనుంచి కుర్రాళ్లు కొందరు బయల్దేరి, దారి ఉన్నంతవరకు లారీల మీద, ఆపైన కాలినడకన వచ్చారు. తాడెత్తు కెరటం అని దివిసీమ ఇప్పటికీ అంటుంది. ఐదారు మీటర్ల నీటి గోడ మైళ్ల లోపలికి వచ్చి వెళ్లింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లలో ఇళ్లకిళ్లే మిగల్లేదు. సర్కారు లెక్క పదివేలకి అటూ ఇటూ, జనం లెక్క దానికి కొన్ని రెట్లు. మంచినీళ్ల చెరువులన్నీ ఉప్పు కషాయం. కలరా వస్తుందని భయం. చెరువుల్లో బ్లీచింగ్ కలుపుతూ తిరిగిన ఆ పది రోజులే తనని ఆరోగ్యశాఖలోకి లాక్కొచ్చాయని ఆయన చెబుతారు.

ఆ రోజుల్లో ఎవరు రాలేదు? ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగారు. అవనిగడ్డ శాసనసభ్యుడు మండలి వెంకటకృష్ణారావు నెలల తరబడి అక్కడే ఉన్నారు. రామకృష్ణ మిషన్ వచ్చింది, విజయవాడ నాస్తిక కేంద్రం వచ్చింది, విదేశీ చర్చిల డబ్బుతో కాసా వచ్చింది, మదర్ థెరెసా వచ్చారు. ఎమర్జెన్సీలో, 1976లో, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) తెచ్చిన ఏడాదికే ఇదంతా జరిగింది. ఢిల్లీలో జనతా, హైదరాబాదులో వెంగళరావు కాంగ్రెసు, మూడు నెలల్లో ఎన్నికలు. హెచ్చరిక ఎందుకు అందలేదని, సాయం ఎవరి చేతిమీదుగా పంచాలని రెండు పక్షాలూ కొట్టుకున్నాయి. ఆ సమయంలో పరదేశి ఇచ్చిన దుప్పటి మీద ఏ పార్టీ జెండా లేదని ఆనందించిన ఇళ్లూ ఉన్నాయి. పెద్దాయనే ఆ మాట చెప్పారు, తన వాదానికి ఎదురు వెళుతున్నా సరే.

"అయితే విను. ఆ దుప్పటి ప్రాణం నిలబెట్టింది. రెండో ఉప్పెనలో ప్రాణాలు నిలబెట్టింది మాత్రం దుప్పటి కాదు. 1990 మే 9న ఇంచుమించు అంతే బలమైన తుపాను మళ్లీ ఇక్కడే, కృష్ణ మొగ దగ్గరే వచ్చింది. పోయినవాళ్లు వెయ్యి లోపు. మచిలీపట్నం రాడారు చూసింది, ఇన్‌శాట్ కబురు చెప్పింది, రెవెన్యూవాళ్లు లక్షల మందిని బలవంతంగానైనా తరలించారు. మన రాడారు, మన ఉపగ్రహం, మన రెవెన్యూవాళ్లు."

"తరలించింది ఎక్కడికి బాబాయ్? తుపాను షెల్టర్లలోకి. వాటిలో చాలావాటికి డబ్బెక్కడిది?"

ఇక్కడ ఆవిడదే పైచేయి. 1977 తర్వాత ఈ తీరంలో లేచిన షెల్టర్లలో, పక్కా ఇళ్లలో స్వచ్ఛంద సంస్థల ద్వారా వచ్చిన విదేశీ డబ్బు చాలానే ఉంది. 2010లో మంజూరైన జాతీయ తుపాను ముప్పు తగ్గింపు పథకం తొలిదశలో ఆంధ్ర, ఒడిశాల్లో కట్టిన షెల్టర్లకీ రోడ్లకీ ప్రపంచ బ్యాంకు ఇచ్చిన అప్పు 25 కోట్ల 50 లక్షల డాలర్లు. అయితే ఉప్పెన తర్వాత పదేళ్లపాటు ఈ డెల్టా ఊళ్లు పట్టుకు తిరిగి 1992లో పుస్తకం రాసిన పీటర్ విన్‌చెస్టర్ చెప్పిన సంగతి ఇద్దరికీ ఇబ్బందికరమైనదే. గాలి, నీరు అందరి మీదికీ ఒకేలా వస్తాయి. సెంటు భూమి లేనివాడు, పశువుల్ని వదిలి కదల్లేనివాడు, కట్ట దిగువన గుడిసె వేసుకున్నవాడు ముందు పోతాడు. వచ్చిన సాయం ఆ వరుసని మార్చలేదు.

2004 డిసెంబరు 26న సునామీ మంగినపూడిని తాకినప్పుడు ఢిల్లీ విదేశీ ప్రభుత్వాల సాయం వద్దంది. మేం చూసుకోగలమంది. పెద్దాయనకి అది గర్వంగా ఉంది. 2021 ఏప్రిల్లో ఆక్సిజన్ లేక ఊపిరి ఆడనప్పుడు అదే ఢిల్లీ నలభైకి పైగా దేశాలనుంచి కాన్సంట్రేటర్లు తీసుకుంది. ఆవిడకి అది సిగ్గుగా ఏమీ లేదు. ఆవిడ కోపం వేరే చోట ఉంది. ప్రభుత్వం తాను తీసుకోవచ్చు, ప్రపంచ బ్యాంకు అప్పు తేవచ్చు. అదే ఒక ఊళ్లో చిన్న సంఘం పెద్ద సంస్థ దగ్గర్నుంచి విదేశీ డబ్బులో వాటా తీసుకోడానికి ఎఫ్‌సీఆర్ఏ 2020 సవరణ తర్వాత వీల్లేదు. ఒకరికి వచ్చింది ఇంకొకరికి బదలాయించకూడదు. నేరుగా ఢిల్లీతో కాగితాలు నడపలేని చిన్నవాళ్లు, ఊరివాళ్లకి పేరుతో సహా తెలిసినవాళ్లు, ముందు మూతపడ్డారు.

"ఆర్డీటీ సంగతి చూడండి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి పెట్టిన సంస్థ, స్పెయిన్‌లో మామూలు మనుషులు నెలనెలా పంపే డబ్బుతో బత్తలపల్లి ఆసుపత్రి నడుస్తోంది. ఈ ఏడు ఎఫ్‌సీఆర్ఏ అనుమతి చిక్కులో పడితే జనం రోడ్డెక్కారు. పలు పార్టీల నాయకులు ఢిల్లీకి ఉత్తరాలు రాశారు. వాషింగ్టన్ సంతకంతో నారాయణగూడలో తాళం పడటం మీకు బాధ. ఢిల్లీ సంతకంతో బత్తలపల్లిలో తాళం పడితే మీకు బాధ లేదా?"

"ఉంది" అన్నారాయన, కాసేపటికి. "కానీ ఢిల్లీ సంతకం మీద జనం రోడ్డెక్కగలిగారు. వాషింగ్టన్ సంతకం మీద నారాయణగూడవాళ్లు ఏ రోడ్డెక్కుతారు? నా లెక్క అదమ్మాయ్. అడగ్గలిగినవాడి చేతిలో ఉండాలి తాళం. అసలు మనం కొట్లాడుకుంటున్నది దేనికి? మొత్తం మన దేశంలో ఆరోగ్యానికయ్యే ఖర్చులో విదేశీ సాయం నూటికి ఒక రూపాయికి అటూ ఇటూ. 2021-22 లెక్కల్లో జనం సొంత జేబులోంచి పెట్టుకున్నది నూటికి 39. ఆ ముప్ఫైతొమ్మిది గురించి ఎవడూ రోడ్డెక్కడు."

"ఆ ఒక్క రూపాయీ ఎవరూ వెళ్లని ఇంటికి వెళ్లింది బాబాయ్" అని మాత్రం అంది ఆవిడ.

నాగాయలంక దాటాక ఆటో మాట్లాడుకున్నారు. ఊరి బయట కాలువ గట్టున కొబ్బరికాయ కొట్టి, అరటిపళ్లు పెట్టి, పెద్దాయన కాసేపు నిలబడ్డారు. ఒకప్పుడు ఇల్లున్న చోట రొయ్యల చెరువు ఉంది. ఏరియేటర్లు తిరుగుతున్నాయి.

తిరిగి వస్తుంటే షెల్టరు కనపడింది. స్తంభాల మీద లేచిన గుండ్రని పాత కట్టడం. ఉప్పుగాలికి సిమెంటు పెచ్చులూడి, లోపలి ఊచలు తుప్పుతో ఉబ్బి బయటికి కనపడుతున్నాయి. కట్టించినవాళ్ల పేరున్న రాతిపలక మీద సున్నం వేసేశారు, అక్షరాలు చేత్తో తడిమితే తప్ప తెలియవు. ఆవిడ తడిమి చూసింది, రెండు అక్షరాలు చిక్కాయి, మూడోది చిక్కలేదు. మొన్న మొంథాకి కొత్త షెల్టర్‌కే వెళ్లామని, ఇది పడిపోతుందని భయమని గట్టు మీద వలలు బాగుచేసుకుంటున్న అతను చెప్పాడు. కొత్తదీ అప్పు చేసి కట్టిందే, బాగానే ఉంది. అయితే మోటారు పాడై నాలుగు నెలలైంది, ట్యాంకులోకి నీళ్లెక్కవు. తుపాను రాత్రి బిందెలతో మోసుకున్నారు. మోటారు బాగుచేయించాల్సింది పంచాయతీయా, తుపాను శాఖా అన్నది తేలలేదు.

"మెకానిక్కు ఎంతవుతుందన్నాడు?" అడిగారు పెద్దాయన.

"ఏడెనిమిది వేలన్నాడండి."

కొత్త షెల్టరు మెట్లెక్కి చూస్తే గదికి తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరని ఆవిడ అడిగింది. వీఆర్వో దగ్గర ఒకటి, బడి పంతులమ్మ దగ్గర ఇంకొకటి అన్నాడతను. పంతులమ్మ అవనిగడ్డ నుంచి రోజూ వచ్చి వెళుతుంది, రాత్రిళ్లు ఉండదు. మొన్న తుపాను రాత్రి వీఆర్వో పక్క ఊళ్లో ఉంటే కుర్రాళ్లు మోటారుసైకిల్ మీద వెళ్లి తెచ్చారు, ఎదురుగాలిలో.

పెద్దాయన డబ్బా దించి మెట్ల మీద కూర్చున్నారు. ఆవిడ పక్కన కూర్చుని పెరుగన్నం తీసింది. వలలతనికీ కొంత ఆకులో పెట్టి ఇచ్చింది. తింటూ తింటూ పెద్దాయన అతని చేత సర్పంచి నంబరు చెప్పించుకున్నారు, పంచాయతీ కార్యదర్శి నంబరు కూడా. మోటారు మీద రాసిన కంపెనీ, హార్స్‌పవరు చూసి రమ్మని ఆవిడని కిందికి పంపారు. ఆవిడ ఫోనులో ఫొటో తీసుకుని వచ్చేసరికి ఆయన మూడో తాళంచెవి చేయించే మాట మాట్లాడుతున్నారు. అది ఎవరింట్లో ఉండాలన్నది అతన్నే అడుగుతున్నారు. రాత్రిపూట ఊళ్లోనే ఉండే మనిషై ఉండాలని అంటున్నారు.